సోమా గురించి చాలు, గులాబీల గురించి అడగండి

ఇంగ్లిష్ సాహిత్యం సిలబస్ తయారుచేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు, ప్రశ్నపత్రాలు రాసే అధ్యాపకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పెద్దలకు, తోటి అధ్యాపకులకు నమస్కారం.

ఆల్డస్ హక్స్‌లీ 1932లో అచ్చు వేయించిన ‘బ్రేవ్ న్యూ వరల్డ్’ నవల మీద నేను చూసిన ప్రశ్నపత్రాలన్నిటిలోనూ ఇంచుమించు ఒకటే ప్రశ్న. మాటలు అటూ ఇటూ మారతాయి గానీ అడిగేది మాత్రం అదే: సుఖాన్ని ఎరవేసి మనుషుల్ని అదుపులో పెట్టే సమాజాన్ని రచయిత ఎలా చిత్రించాడు? జవాబూ ఒకటే. సోమా మాత్ర, ఒంటికి స్పర్శ కూడా తెలిసేలా చూపించే ఫీలీ సినిమాలు, హద్దుల్లేని శృంగారం. ఈ మూడిటితో ప్రభుత్వం జనాన్ని మత్తులో ముంచింది. జార్జ్ ఆర్వెల్ ‘1984’ నవలలో భయంతో ఏలే రాజ్యాన్ని చూపితే హక్స్‌లీ సుఖంతో ఏలే రాజ్యాన్ని చూపాడు. బజారు గైడుల్లో ఇది ఒకటిన్నర పేజీలో దొరుకుతుంది. పిల్లలు బట్టీ పట్టి రాస్తారు, మనం కీ చూసుకుని మార్కులు వేస్తాం.

ఆ జవాబు తప్పని నేననడం లేదు. కాని దాన్ని పొల్లుపోకుండా రాసిన పిల్లల్ని కూర్చోబెట్టి ‘ఇంతకీ అందులో తప్పేముంది, అందరూ సంతోషంగానే ఉన్నారు కదా?’ అని అడిగితే మాట పెగలదు. చాలా ఏళ్లుగా డిగ్రీ, పీజీ పిల్లలకు ఈ నవల చెబుతూ నేను చూస్తున్నది ఇదే. ఇందులో పిల్లల తప్పు కంటే మనం అడిగే తీరులో ఉన్న లోపమే ఎక్కువ. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

ఈ ఇబ్బందిని నవలే రెండో అధ్యాయంలో మన ముందు పెడుతుంది. సీసాల్లో మనుషుల్ని పుట్టించే లండన్ హ్యాచరీ డైరెక్టర్ తన విద్యార్థులకు నిద్రలో పాఠాలు నేర్పే పద్ధతి చరిత్ర చెబుతాడు. టామీ అనే పిల్లవాడికి నిద్రలో, ఆఫ్రికాలో నైలు అన్నిటికంటే పొడవైన నది, ప్రపంచంలో రెండోది అని వినిపించారు. తెల్లారి టిఫిన్ దగ్గర ‘ఆఫ్రికాలో పొడవైన నది ఏది?’ అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. ‘నైలు...’ అని అందిస్తే మొత్తం వాక్యం గడగడా ఒప్పజెప్పాడు. ‘మరైతే పొడవైన నది ఏది?’ అని మళ్లీ అడిగారు. వాడు కళ్లు తేలేసి తెలియదన్నాడు. పాఠం తలకెక్కడానికి ఈ పద్ధతి పనికిరాదని అక్కడి వాళ్లకు అప్పుడే తెలిసిపోయింది. అందుకే సైన్స్, భూగోళం అన్నీ పక్కన పెట్టి ఆ యంత్రాన్ని నీతిపాఠాలకు మాత్రమే వాడారు. నీతిపాఠంలో ఆలోచన అక్కర్లేదు కాబట్టి అక్కడ అది బ్రహ్మాండంగా పనిచేసింది.

ఈ పేజీ ఉన్న నవలకే మనం బట్టీ జవాబు పెట్టించడం నాకు చాలా బాధగా ఉంటుంది.

ఒక వాల్యుయేషన్‌లో జరిగింది చెబుతాను. నా పక్కన దిద్దుతున్న అధ్యాపకుడు ఒక పేపరు నాకు చూపించి, ఏం రాసిందో చూడండి మేడం అన్నారు. ఆ అమ్మాయి గైడు జవాబు రాయలేదు. వచ్చీరాని ఇంగ్లిష్‌లో ఇలా రాసింది: మా అమ్మ మిరప చేలలో కాయ కోయడానికి పోతుంది. రాత్రిళ్లు చేతుల మంటతో, నడుం నొప్పితో నిద్రపోదు. ఎవరైనా ఆమెకు సోమా లాంటి మాత్ర ఇస్తానంటే నేను వద్దనను. ఆ లోకపు పాలకుల్లో ఒకడైన కంట్రోలర్ ముస్తఫా మోండ్ చెప్పిందాంట్లో తప్పేమిటో నాకు అర్థం కాలేదు. కీలో లేదు కాబట్టి ఆ పేపరుకు పదహారుకు నాలుగు పడ్డాయి. నేను అడ్డుచెప్పాను, ఆయన ఒప్పుకోలేదు. నా దృష్టిలో ఆ కట్టలో నవల చదివినట్టు కనిపించిన జవాబు అదొక్కటే.

ఎందుకంటే హక్స్‌లీ మన చేత అడిగించాలనుకున్న ప్రశ్న అదే. సోమాలో హ్యాంగోవర్ లేదు, ఒళ్లు పాడైనట్టు తెలియదు. ఆ లోకంలో ఆకలి లేదు, యుద్ధం లేదు, ముసలితనం కనిపించదు. మిరప చేలో అమ్మ ఉన్న పిల్లకు అది నరకంలా ఎందుకు కనిపించాలి? దీనికి సమాధానం సోమా దగ్గర దొరకదు. నవలలో సోమా ఆఖరి అంచె మాత్రమే. ముందు జరగాల్సిన పనంతా జరిగిపోయాక, ఎక్కడైనా కాస్త దిగులు మిగిలితే దాన్ని తుడవడానికి వాడే గుడ్డ అది. అసలు పని పిండం సీసాలో ఉన్నప్పుడే మొదలవుతుంది.

మొదటి అధ్యాయం మళ్లీ తీసి చూడండి. ఉష్ణదేశాల్లో గని పనికీ, ఉక్కు పనికీ, కృత్రిమ పట్టు వడికే పనికీ పోవాల్సిన పిండాల్ని సీసాల్లో ఉండగానే చల్లని సొరంగాల్లోంచి పంపుతారు. చలి తగిలిన చోటల్లా ఎక్స్‌రేలు గుచ్చి బాధపెడతారు. పుట్టేనాటికి వాళ్లకు చలి అంటే హడలు, ఎండంటే ప్రాణం. ఆ తర్వాత వాళ్లను మండే ఎండలో పనికి పంపితే అది శిక్ష కాదు, వాళ్లు కోరుకున్నదే. తప్పించుకోలేని తలరాతను మనిషి ఇష్టపడేలా చేయడమే కండిషనింగ్ (ఇష్టాయిష్టాల్ని ముందే నాటే ఈ పద్ధతి) అంతటి లక్ష్యమని డైరెక్టర్ దాపరికం లేకుండా చెబుతాడు. ఆ లోకంలోని ఐదు కులాల్లో (ఆల్ఫా, బీటా, గామా, డెల్టా, ఎప్సిలాన్) అట్టడుగున ఉన్న ఎప్సిలాన్లు చేసే త్యాగం వాళ్లకు త్యాగంలా అనిపించదని చివర్లో మోండ్ కూడా అంటాడు.

ఇప్పుడు ఆ అమ్మాయికి చెప్పాల్సింది దొరికింది. ఆ లోకం మీ అమ్మకు నొప్పి తగ్గించే మాత్ర ఇచ్చి ఊరుకోదమ్మా. మీ అమ్మ మిరప చేను తప్ప ఇంకోటి కోరుకోకుండా ముందే తయారుచేస్తుంది. ఆ చేతులు మండుతున్నాయని ఆమెకు తెలియకుండా చేస్తుంది, కాబట్టి కూలి పెంచమని అడగాలన్న ఊహే రాదు. నిన్ను ఈ క్లాసుకు పంపాలన్న ఆలోచనా రాదు. అసలు అక్కడ అమ్మ అన్నది నోటితో అనకూడని మాట. ఆ నవలలో ఆ అమ్మాయి పేపరు రాసే అవకాశమే లేదు, ఆమె చోటు పుస్తకం చూస్తే ఏడ్చే పిల్లల గదిలో ఉంటుంది.

ఆ గది గురించే నేను ఈ ఉత్తరానికి పేరు పెట్టుకున్నాను. ఎనిమిది నెలల పిల్లలు, ఒకే అండం నుంచి పుట్టిన ఒకే పోలిక గుంపు, అందరూ డెల్టాలు, అందరికీ ఖాకీ బట్టలు. గదిలో వరసగా విచ్చుకున్న గులాబీల కుండలు, మధ్య మధ్య రంగురంగుల బొమ్మలున్న పుస్తకాలు తెరిచి పెట్టి ఉంటాయి. పిల్లల్ని నేల మీద దించుతారు. సరిగ్గా అప్పుడే మబ్బు తొలగి ఎండ పడుతుంది, గులాబీలు మెరుస్తాయి, బొమ్మలు వెలుగుతాయి. పిల్లలు కేరింతలు కొడుతూ పాకి వెళ్లి రేకులు తుంచుతారు, పేజీలు నలుపుతారు. ఆనందంగా ఆడుకునేదాకా ఆగి, డైరెక్టర్ సైగ చేస్తాడు. నర్సు ఒక మీట నొక్కుతుంది. పేలుడు, సైరన్, చెవులు చిల్లులు పడే గంటలు. ఇంకో మీట నొక్కితే పిల్లలు కూర్చున్న నేలలోంచి కరెంటు. కాసేపయ్యాక అవే పూలు, అవే పుస్తకాలు దగ్గరికి తెస్తే పిల్లలు ముడుచుకుని బిగ్గరగా ఏడుస్తారు. ఇలాంటి పాఠం 200 సార్లు.

పుస్తకాలంటే భయం ఎందుకు నేర్పారో విద్యార్థులకు వెంటనే తెలుస్తుంది. కింది కులం పిల్లలు చదువుకుంటే సర్కారు సమయం దండగ, పైగా ఏ అక్షరం ఏ కండిషనింగ్‌ను చెడగొడుతుందో తెలియదు. మరి పూలంటే భయం దేనికి? ఆ గదిలో ఒక విద్యార్థి డైరెక్టర్‌ను ఇదే అడుగుతాడు. ఆయన జవాబు నా మటుకు నవల మొత్తానికి తాళంచెవి. ఒకప్పుడు కింది కులాలకు పూల మీద, పల్లెల మీద ప్రేమ పుట్టించేవాళ్లట. అలా అయితే సెలవు రోజున ఊళ్లమీదికి పోతారు, రైలు టికెట్లు కొంటారు. కొన్నారు కూడా. కాని పూలు, కొండలు చూడ్డానికి డబ్బు కట్టక్కర్లేదు. ప్రకృతి మీద ప్రేమ ఏ ఫ్యాక్టరీనీ నడిపించదు. అందుకని ప్రేమ తీసేసి ప్రయాణం మాత్రం ఉంచారు. పల్లె అంటే అసహ్యం నేర్పి, పల్లెలో ఆడే ఆటలంటే ఇష్టం నేర్పారు. ఆ ఆటలకు బోలెడు సామాను కావాలి, సామాను కొనాలి.

చూడండి, ఇక్కడ సుఖాన్ని పంచిపెట్టడానికి ముందు ఒక సుఖాన్ని లాక్కున్నారు. డబ్బు ఖర్చు లేకుండా దొరికే సుఖాన్ని కరెంటు పెట్టి చంపి, కొనుక్కుంటే తప్ప దొరకని సుఖాన్ని ఆ ఖాళీలో నాటారు. గైడులో ఉండే ‘సుఖంతో అదుపు’ అన్న ముక్కలో ఈ సగం లేదు. ఏ సుఖం ఇచ్చారని అడుగుతున్నాం గాని ఏ సుఖం తీసేశారని అడగడం లేదు. రెండోది అడిగితే పిల్లలు కచ్చితంగా పుస్తకం తెరవాలి.

ఇది హక్స్‌లీ గాల్లోంచి ఊహించింది కాదని కూడా చెప్పాలి. 1920లో అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో జాన్ వాట్సన్, రోజలీ రేనర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక పసివాడి మీద ప్రయోగం చేశారు. వాడు తెల్ల ఎలుకను ముట్టుకోబోయినప్పుడల్లా వెనక నుంచి ఇనుప కడ్డీని సుత్తితో కొట్టారు. కొన్ని సార్లకే వాడు ఎలుకను చూస్తే ఏడవడం మొదలుపెట్టాడు, తర్వాత కుందేలును చూసినా ఏడ్చాడు. అదే సంవత్సరం వాట్సన్ విశ్వవిద్యాలయం వదిలి న్యూయార్క్‌లో జె. వాల్టర్ థామ్సన్ అనే యాడ్ కంపెనీలో చేరాడు. పసివాడిలో భయం నాటిన మనిషే పెద్దవాళ్లలో కోరిక నాటే వ్యాపారంలోకి వెళ్లడం నవలకు బయట జరిగిన చరిత్ర. జంతువుల్లో ఇలాంటి స్పందనల్ని అలవాటుతో నాటొచ్చని చూపిన రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ పుస్తకం 1927లో ఇంగ్లిష్‌లోకి వచ్చింది. హెన్రీ ఫోర్డ్ ఫ్యాక్టరీలో 1913 నుంచీ కదిలే లైను మీద కార్లు తయారవుతున్నాయి. నవలలో సంవత్సరాల లెక్క ఫోర్డ్ మోడల్ టీ కారు వచ్చిన 1908 నుంచి మొదలవడం, జనం దేవుడి బదులు ఫోర్డ్ పేరు తలుచుకోవడం ఊరికే చమత్కారం కోసం కాదు. సరుకును గుట్టలుగా తయారుచేయడం నేర్చుకున్నాక, ఆ సరుకు కావాలనుకునే మనుషుల్ని కూడా అలాగే తయారుచేయాల్సి వస్తుంది. ఈ నేపథ్యమంతా ఒక పీరియడ్‌లో చెప్పొచ్చు, కాని ప్రశ్నపత్రంలో దానికి చోటు లేకపోతే క్లాసులో చెప్పినా పిల్లలు రాసుకోరు. రాసుకోకపోవడానికి వాళ్లకూ కారణం ఉంది, టెన్షన్ అంతా మార్కులదే.

నిద్రపాఠాల్లో ఒకటి మన దేశంలో చదివేవాళ్లకు మరీ దగ్గర. బీటా పిల్లలకు నిద్రలో దిండు కింద నుంచి గుసగుసగా వినిపించే కులపాఠం అది. ఆల్ఫాలు మనకంటే చాలా ఎక్కువ కష్టపడాలి, బాబోయ్, నేను బీటా అయినందుకు ఎంత సంతోషమో. గామాలు తెలివితక్కువ వాళ్లు. డెల్టా పిల్లలతో నేను ఆడుకోను. ఎప్సిలాన్లయితే ఇంకా అధ్వానం. వారానికి మూడు రోజులు, రోజుకు 120 సార్లు, 30 నెలలు. హక్స్‌లీ కులం అనే మాటనే వాడాడు. 1925-26లో భారతదేశం తిరిగి వెళ్లిన మనిషి ఆయన, ఆ ప్రయాణంలో బొంబాయిలో మన హైదరాబాద్ సరోజినీ నాయుడును కలిశాడు కూడా. అయినా మన క్లాసుల్లో ఆల్ఫా నుంచి ఎప్సిలాన్ దాకా ఐదు పేర్లు, ఐదు రంగుల బట్టలు రాయించి వదిలేస్తాం. అంబేద్కర్ 1936లో కుల నిర్మూలన గురించి రాస్తూ కులం శ్రమ విభజన మాత్రమే కాదు, శ్రామికుల విభజన అన్నాడు. పైకి పోయేకొద్దీ గౌరవం, కిందికి పోయేకొద్దీ తిరస్కారం పెరిగే మెట్ల గురించి చెప్పాడు. బీటా పాఠాన్ని ఆ మెట్ల పక్కన పెట్టి చదివిస్తే తేడా కూడా కనిపిస్తుంది. మన దగ్గర కిందికి నెట్టబడినవాళ్లు ఎదురు తిరిగారు, తిరుగుతూనే ఉన్నారు, ఎందుకంటే అవమానం అవమానంలాగే తగిలింది. హక్స్‌లీ లోకంలో ఆ తగలడమనేది ముందే తీసేశారు. సుఖం అదుపు సాధనమయ్యేది సరిగ్గా ఇక్కడ. మన క్లాసుల్లో ఈ విషయం మీద మాట్లాడగలిగిన పిల్లలు వెనక బెంచీల్లో ఉంటారు, మనం అడగం కాబట్టి వాళ్లు మాట్లాడరు.

నాలుగో అధ్యాయంలో లిఫ్ట్ మనిషి ఉన్నాడు. నల్ల బట్టల ఎప్సిలాన్. పగలంతా చీకటి గొట్టంలో పైకీ కిందికీ తిరుగుతుంటాడు. పై అంతస్తు వచ్చి తలుపు తీయగానే మధ్యాహ్నపు ఎండ మొహాన పడుతుంది. ‘డాబా!’ అంటాడు, మళ్లీ ఇంకోసారి, పరవశంతో. దిగిపోతున్న వాళ్ల మొహాల్లోకి ఆశగా నవ్వుతూ చూస్తాడు. వాళ్లు చూడకుండా వెళ్లిపోతారు. గంట మోగుతుంది, పైనుంచి ఒక గొంతు పద్దెనిమిదో అంతస్తుకు దిగమంటుంది, తలుపు మూసి చీకట్లోకి పోతాడు. అర పేజీ కూడా లేదు. అన్ని సీసాలు, అన్ని షాకులు, అన్ని నిద్రపాఠాలు దాటి కూడా ఎండను చూసి ఒక మనిషి మురిసిపోయాడు, ఆ మురిపెం ఏ ఫ్యాక్టరీకీ పనికిరానిది. ఈ చిన్న ఘట్టం మీద ఒక్క ప్రశ్న కూడా నేను చూడలేదు.

ఆర్వెల్ భయం, హక్స్‌లీ సుఖం అన్న జంట గురించి కూడా ఒక మాట. 1985లో అమెరికా రచయిత నీల్ పోస్ట్‌మన్ ఈ పోలికకు బాగా ప్రచారం తెచ్చాడు. హక్స్‌లీ కూడా 1949 అక్టోబర్‌లో ఆర్వెల్‌కు రాసిన ఉత్తరంలో, పాలకులు ఇనుప బూటు కంటే తక్కువ శ్రమతో పనయ్యే దారులు వెతుక్కుంటారని, లాఠీలూ జైళ్ల కంటే పసితనపు కండిషనింగే వాళ్లకు బాగా పనికొస్తుందని అన్నాడు. (ఈటన్ బడిలో కొన్నాళ్లు హక్స్‌లీ ఫ్రెంచ్ చెప్పాడు, ఆ పిల్లల్లో ఆర్వెల్ ఒకడు.) అయినా ఆ గీత మరీ అంత నిటారుగా గీయకూడదు. ‘1984’లో పార్టీ సభ్యుల మీద వాళ్లను ఎప్పుడూ కనిపెట్టి ఉండే టెలిస్క్రీన్ ఉంది నిజమే. కాని జనాభాలో 85 శాతం ఉన్న సామాన్య జనాన్ని పార్టీ దేనితో పట్టి ఉంచింది? బీరు, ఫుట్‌బాల్, లాటరీ, యంత్రం అల్లే పాటలు, ఒక ప్రత్యేక శాఖ తయారుచేసే బూతు పుస్తకాలు. ఇటు హక్స్‌లీలో పోలీసులు లేరా? పదిహేనో అధ్యాయంలో, ఆదివాసీ గ్రామంలో పెరిగి లండన్ వచ్చిన జాన్ సోమా డబ్బాలు కిటికీలోంచి విసిరేస్తే డెల్టాలు అతని మీద పడతారు, అప్పుడు గ్యాస్ మాస్కులు వేసుకుని పోలీసులు దిగుతారు. తేడా అంతా వాళ్ల చేతిలో ఉన్నదాంట్లో ఉంది. సోమా ఆవిరి చల్లుతారు, ఒక పెట్టెలోంచి ప్రేమగా బతిమాలే గొంతు వినిపిస్తారు. కొట్టుకుంటున్నవాళ్లు ఏడుస్తూ ఒకరినొకరు కౌగిలించుకుంటారు, తర్వాత అందరికీ కొత్త మాత్రల డబ్బాలు పంచుతారు. రెండు నవలల్లోనూ రెండూ ఉన్నాయి. ఎవరికి భయం, ఎవరికి సుఖం, ఎందుకలా పంచారు అని అడిగితే అది మంచి ప్రశ్న. తేడాలు రాయండి అని రెండు గళ్లు గీయిస్తే చదువు అక్కడితో ఆగిపోతుంది.

ఆ గొడవకు కాస్త ముందే జాన్ తల్లి లిండా చనిపోయే ఘట్టం ఉంది. క్లాసులో గట్టిగా చదివించాల్సిన ఘట్టమది. చావుకు అలవాటు చేయడం కోసం పిల్లల్ని 18 నెలల వయసు నుంచీ ఆస్పత్రికి తీసుకొస్తారు. అక్కడ మంచి మంచి బొమ్మలు ఉంటాయి, ఎవరైనా చనిపోయిన రోజు చాక్లెట్ క్రీమ్ పెడతారు. లిండా మంచం దగ్గర జాన్ మోకాళ్ల మీద పడి వెక్కి వెక్కి ఏడుస్తుంటే నర్సు కంగారుపడుతుంది. లిండా గురించి కాదు ఆ కంగారు. చావంటే ఏదో పెద్ద విషయమని పిల్లలకు అనిపించి ఇన్నాళ్ల కండిషనింగ్ పాడవుతుందేమోనని. వెంటనే చాక్లెట్ ఎక్లేర్ ఎవరికి కావాలి అని అడుగుతుంది, పిల్లలంతా నాకు, నాకు అని అరుస్తారు. కాసేపటికి ఒక పిల్లవాడు చేతిలో సగం తిన్న ఎక్లేర్‌తో చూపిస్తూ, ఆమె చచ్చిపోయిందా అని అడుగుతాడు. వాడు చెడ్డవాడు కాదు. వాడికి తెలిసినది అంతే.

ఈ పేజీ చదివిన రోజు నా క్లాసులో ఎవరూ ఫోన్ ముట్టుకోరు, మామూలు రోజుల్లో అలా ఉండదు. ఫోన్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఈమధ్య పిల్లలు ‘సోమా అంటే మన రీల్సే కదా మేడం’ అంటున్నారు. అందులో నిజం లేకపోలేదు. లిండా మంచం కాళ్ల దగ్గర టీవీ పొద్దున్నుంచి రాత్రి దాకా కట్టని పంపులా నడుస్తూనే ఉంటుంది. 1958లో ‘బ్రేవ్ న్యూ వరల్డ్ రీవిజిటెడ్’ రాసినప్పుడు హక్స్‌లీ, స్వేచ్ఛ కోరేవాళ్లు మనిషికి కాలక్షేపం మీద ఉన్న అంతులేని ఆకలిని లెక్కలోకి తీసుకోలేదని వాపోయాడు కూడా. కాని రీల్స్ సమానం సోమా అన్నది త్వరలో గైడుల్లోకి ఎక్కే ఇంకో నైలు నది వాక్యం. దాన్ని అక్కడ వదిలేయకుండా గులాబీల ప్రశ్న వేయాలి. ఈ స్క్రోలింగ్ రాకముందు నీకు ఊరికే దొరికిన సంతోషం ఏది? అది ఇప్పుడు ఎందుకు బోర్ కొడుతోంది? నీకు బోర్ కొడితే ఎవరి ఫ్యాక్టరీ నడుస్తుంది? ఇంకో తేడా కూడా పిల్లల చేత చెప్పించాలి. హక్స్‌లీ లోకంలో పిల్లలకు ఎదురు చెప్పే అవకాశం సీసాలోనే పోయింది. వీళ్లకు ఇంకా ఉంది, ఆ మాట అన్నది వీళ్లే కదా.

నవలలో లోపాల్ని దాచమని నేననను. 1946లో కొత్త ముందుమాట రాస్తూ హక్స్‌లీయే ఒప్పుకున్నాడు, జాన్‌కు పిచ్చి లోకమో ఆదిమ గ్రామమో ఏదో ఒకటి తప్ప మూడో దారి ఇవ్వలేదని, ఇప్పుడైతే ఇస్తానని. న్యూ మెక్సికో ఆదివాసీ గ్రామాన్ని ఆయన చూపిన తీరు నాకు మింగుడుపడదు, మురికీ కొరడా దెబ్బలే ఎక్కువ, మనుషులు తక్కువ. జాన్‌ను ఇష్టపడ్డ లండన్ యువతి లెనీనాకు జరిగిన అన్యాయం ఇంకా ఎక్కువ. నేర్పిన ప్రేమను నేర్పినట్టే ఇవ్వబోయి జాన్ చేత తిట్లూ దెబ్బలూ తింటుంది. కండిషనింగ్‌కు బలైన మనిషిగా తన కులంలో ఇమడలేని ఆల్ఫా బెర్నార్డ్ మీద చూపిన జాలిలో సగం కూడా రచయిత ఆమె మీద చూపలేదు. జాన్ మాత్రం కండిషనింగ్ లేనివాడా? అతని తల నిండా షేక్‌స్పియర్, ఒంటి నిండా కొరడా దెబ్బల పుణ్యం. మా క్లాసులో అమ్మాయిలు లెనీనా పక్షాన గట్టిగా వాదిస్తారు, అలా వాదించి రాస్తే మార్కులు రావాలి.

మోండ్ విషయం కూడా ఇంతే. చాలా డిస్టోపియాల్లో, అంటే పీడకల లాంటి లోకాల కథల్లో, పాలకుడు రాక్షసుడు. ఇక్కడ పాలకుడు సైన్స్ చదివినవాడు, బీరువాలో బైబిల్ దాచుకున్నవాడు, మర్యాదగా మాట్లాడతాడు, ప్రతి ప్రశ్నకూ జవాబు చెబుతాడు. సైప్రస్ ద్వీపంలో 22,000 మంది ఆల్ఫాల్ని మాత్రమే పెట్టి చూస్తే ఆరేళ్లు తిరక్కుండానే అంతర్యుద్ధం వచ్చి 19,000 మంది చచ్చారని లెక్క చెబుతాడు. నొప్పి, జబ్బు, ముసలితనం, రేపేమవుతుందోనన్న భయం అన్నీ కావాలా అని అడిగి, జాన్ అన్నీ కావాలంటే, సరే తీసుకో అని భుజాలెగరేస్తాడు. 16, 17 అధ్యాయాల్లో ఎవరు గెలిచారో హక్స్‌లీ చెప్పలేదు. మన కీలో మాత్రం జాన్ గెలిచాడని ఉంటుంది.

మనకు దగ్గరి సంగతి ఇంకొకటి ఉంది. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, హక్స్‌లీ 1938 నుంచీ కాలిఫోర్నియాలో స్నేహితులు. కృష్ణమూర్తి ‘ద ఫస్ట్ అండ్ లాస్ట్ ఫ్రీడమ్’ 1954లో వచ్చినప్పుడు ముందుమాట రాసింది హక్స్‌లీ. మతం, దేశం, బడి, మన కోరికలతో సహా మన మనసు ఎలా తయారై ఉందో చూసుకోవడం గురించి కృష్ణమూర్తి జీవితమంతా మాట్లాడాడు. ఒకరు కథగా రాసింది ఇంకొకరు ప్రసంగాల్లో విప్పి చూపారు. కృష్ణమూర్తితో ప్రతి విషయంలో ఏకీభవించక్కర్లేదు, నాకూ అభ్యంతరాలున్నాయి. కాని నవల పక్కన ఆయన ప్రసంగం ఒకటి, అంబేద్కర్ వ్యాసంలో ఒక భాగం చదవడానికి పెట్టడం సిలబస్ కమిటీకి పెద్ద పని కాదు. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు ఈ రెండూ తెలుగులోనూ దొరుకుతాయి.

ఇక నా విన్నపాలు. నవల మొత్తం మీద ఒక పెద్ద ఎస్సే అడిగే బదులు రెండో అధ్యాయంలోని గులాబీల ఘట్టమో, లిఫ్ట్ మనిషి ఘట్టమో, లిండా మరణమో ప్రశ్నపత్రంలోనే ఒక పేరా అచ్చు వేసి, దాని మీద అడగండి. అప్పుడు బట్టీకి పని ఉండదు, జ్ఞాపకశక్తి తక్కువైన పిల్లలు నష్టపోరు. మోండ్‌తో ఏకీభవిస్తూ రాసినా, జాన్‌తో ఏకీభవిస్తూ రాసినా, ఇద్దర్నీ కాదన్నా, నవలలోంచి ఆధారం చూపితే పూర్తి మార్కులు వేయమని కీలో ఒక వాక్యం చేర్చండి. సొంత జీవితంలోంచి ఉదాహరణ ఇస్తే తగ్గించవద్దని ఇంకో వాక్యం. ‘1984’తో పోలిక అడగాలనుకుంటే ఆ 85 శాతం గురించి అడగండి. వీలుంటే రే బ్రాడ్‌బరీ రాసిన 1953 నాటి నవల ‘ఫారెన్‌హీట్ 451’ కూడా సిలబస్‌లో చేర్చండి. పుస్తకాలు తగలబెట్టడం సర్కారు హుకుంతో మొదలు కాలేదు, ముందు జనమే చదవడం మానేశారు అని అందులో ఫైర్ కెప్టెన్ బీటీ చెప్పే మాటలు ఈ చర్చకు చాలా ఉపయోగం.

ప్రశ్నపత్రంలో, కీలో నేనడిగిన మార్పులకు కొత్త పుస్తకాలు కొనక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. వచ్చే బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశంలో ఒక అంశంగా పెడితే చాలు. కావాలంటే మాదిరి ప్రశ్నలు, వాటికి కీ నేను రాసి పంపిస్తాను. మిరప చేలో అమ్మ ఉన్న అమ్మాయి రాసిన పేపరుకు ఆ కీ ప్రకారం పదహారుకు ఎన్ని మార్కులు రావాలో కూడా అందులో చూపిస్తాను.

ఇట్లు,
మీ తోటి ఇంగ్లిష్ అధ్యాపకురాలు